గోడ అవతలి నవ్వు

శనివారం మధ్యాహ్నమైతే మా చిమ్వేమ్వే పేటలో ఏదో ఒక వీధి నుంచి డోలు వినిపిస్తుంది. ఎవరింట్లోనో పెళ్ళికూతుర్ని చాప మీద కూర్చోబెట్టారన్నమాట. పోయిన ఏడాదంతా ఆ చప్పుడు వినగానే బనా కసూబా చేస్తున్న పని ఆపేసేది. ఆకుకూర తరుగుతుంటే కత్తి ఆగిపోయేది. బట్టలు ఉతుకుతుంటే చేతులు నీళ్ళలోనే ఉండిపోయేవి. కాసేపు చెవి అటు పడేసి, "దరువు తొందరపడుతోంది. ఎవరే ఆ వాయించేది? ఇంట్లో పొయ్యి మీద ఏమన్నా మాడుతోందా దానికి?" అనేది.

నేను నవ్వేదాన్ని. నవ్వక ఏం చెయ్యను? ఆ గదిలో ఉండాల్సిన మనుషులం మేమిద్దరం. ఆవిడ ఆడాలి, నేను డోలు వాయించాలి. ఈ పేటలో నా అంత బాగా వాయించే చేతులు ఇంకొకరికి లేవు. అలా అన్నానని ఎవరికైనా కోపం వస్తే వచ్చి నా పక్కన కూర్చుని వాయించి చూపించమనండి. అలాంటి ఇద్దరం పెరట్లో బకెట్ల మధ్య కూర్చుని పక్కవీధి డోలుకు వంకలు పెట్టుకుంటూ ఏడాది గడిపాం.

బనా కసూబా అంటే కసూబా తల్లి అని. మాలో బిడ్డ పుట్టగానే ఆడదాని సొంత పేరు మూలన పడిపోతుంది. ఆవిడకు ఫెలిస్టాస్ అనే పేరొకటి ఉందని ఆవిడ గుర్తింపు కార్డు చూసిన రోజునే నాకు తెలిసింది. నన్ను బనా చిటాలు అంటారు. ఆవిడ మాత్రం "ఏమే" అంటుంది, నేను "అక్కా" అంటాను.

అక్క నాచింబూసా. పెళ్ళికూతుళ్ళకు కాపురం నేర్పే పెద్దమ్మ. నేర్పడమంటే కుర్చీలో కూర్చుని హితబోధ చెయ్యడం కాదు. పాడాలి, మట్టిబొమ్మలు చూపించి అర్థం చెప్పాలి, లేచి ఆడి చూపించాలి. మొగుడు అలిగితే ఏం చెయ్యాలి, అత్త దెప్పితే ఎంతవరకు వినాలి, ఇంట్లో పిండి నిండుకున్న రోజు చుట్టం గుమ్మంలోకొస్తే మొహం ఎలా పెట్టాలి, దేనికదే ఒక పాట. ఇక తలుపు మూశాక నేర్పేవి తలుపు మూశాకే. అవి ఇక్కడ రాయను. రాస్తే అక్క నా చేతులు విరగ్గొడుతుంది, ఆ తర్వాత డోలు వాయించడానికి మనిషి దొరకదు.

ఆ గదిలోకి పోవాలంటే గుమ్మం దగ్గర పెట్టిన చేటలో ఫోను వెయ్యాలి. ఎంతటివాళ్ళైనా సరే. ఒకసారి బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసే ఒకావిడ, "నాకు ముఖ్యమైన కాల్ వస్తుందండీ" అంది. "అయితే ఆ కాల్ దగ్గరే కూర్చో తల్లీ, పెళ్ళికూతురి దగ్గర నీకేం పని?" అంది అక్క. ఆవిడ నోరు మూసుకుని ఫోను చేటలో వేసింది.

ఇంకో కట్టుబాటు ఉంది. ఇది చేట కంటే చాలా పాతది. కన్నతల్లి ఆ గదిలోకి రాకూడదు. కూతురికి కాపురం గుట్టు చెప్పేచోట తల్లి ఉంటే ఇద్దరికీ సిగ్గే. అందుకని అమ్మమ్మలు, మేనత్తలు, పిన్నులు, ఇరుగుపొరుగు అందరూ లోపలుంటారు, తల్లి మాత్రం బయట కూర్చుని వేరుశనగలు ఒలుస్తుంది. పెళ్ళి పనులన్నీ ఆవిడ నెత్తిమీదే నడుస్తాయి, ఈ ఒక్క గదికి మాత్రం ఆవిడ పరాయి మనిషి. నా కూతురికి నేర్పిన రోజున నేనూ అలాగే కూర్చున్నాను. డోలు ఇంకెవరో వాయించారు. చెత్తగా వాయించారు.

మపాలో పెళ్ళికి మమ్మల్నే పిలిచారు. మపాలో తల్లి మార్కెట్లో పాతబట్టల అంగడి నడుపుతుంది. మొగుడు పోయాక ఒక్కగానొక్క కూతుర్ని ఆ బట్టల మూటల మధ్యే పెంచింది. పిల్ల చదువుకుని బడిపంతులమ్మ అయింది. గనిలో కరెంటు పని చేసే బొనిఫేస్‌తో సంబంధం కుదిరింది. ఆ రోజు బనా మపాలో తీరు చూడాలి. వంటింట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి ఇంటి చుట్టూ, మళ్ళీ వంటింట్లోకి. ఒక్కచోట నిలబడితే ఒట్టు.

చివరికి ఉండబట్టలేక చెల్లెలు ప్రిస్కాను పక్కకు పిలిచి, "ఒక్క ముక్క వీడియో తీసి పంపవే, నేను చూసుకుంటాను, అంతే" అంది. ప్రిస్కా దగ్గర రెండు ఫోన్లున్నాయి. పాతది చేటలో వేసి, కొత్తది కప్పుకున్న చితెంగె గుడ్డ మడతలో దాచుకుని లోపలికొచ్చింది. నా కళ్ళెప్పుడూ అక్క పాదాల మీదే ఉంటాయి, దరువు వాటిని బట్టే కదా. ప్రిస్కా ఏం చేస్తోందో నేను చూడలేదు, ఎవరూ చూడలేదు.

పెళ్ళికూతురి మొహం మీద బట్ట కప్పి ఉంటుంది, అందుకని ఆ వీడియోలో మపాలో ఎవరో తెలియదు. కనిపించేదంతా బనా కసూబాయే. జుట్టు నెరిసిన మనిషి, వట్టి కాళ్ళతో, నడుముకు బట్ట బిగించి, లోకంలో తనను చూసే పరాయి కన్ను ఒక్కటి కూడా లేదన్న ధైర్యంతో ఆడుతోంది.

బనా మపాలో దాన్ని వంటింటి వెనక నిలబడి చూసింది, ఏడ్చింది, మళ్ళీ చూసింది. అంత సంతోషం ఒక్కత్తే దాచుకోలేక, "నా బిడ్డకు ఎంత ముచ్చటగా నేర్పుతున్నారో చూడండి" అని రాసి ఇంటివాళ్ళ గ్రూపులో పెట్టింది. అందరూ మనవాళ్ళే కదా అనుకుంది. నిజమే, మనవాళ్ళే. మనవాళ్ళకు మళ్ళీ వాళ్ళ మనవాళ్ళుంటారు.

సోమవారం నేను మార్కెట్లో బూరెలు వేయిస్తుంటే పక్క అంగడి కుర్రది ఫోను తెచ్చి నా మొహానికి అడ్డం పెట్టింది. "పిన్నీ, ఈవిడ మీ అక్కే కదా?" అంది. అక్కే. అయితే నా డోలు లేదు. డోలు తీసేసి ఏదో రికార్డు చేసిన పెట్టెపాట తగిలించారు, దరువుకూ అడుగుకూ పొంతనే లేదు. అబద్ధమెందుకు, నాకు మొదట కోపం వచ్చింది దానికే. కింద రాసిన మాటలు చదివాక అసలు కోపం వచ్చింది. ముసలమ్మకు పూనకం వచ్చిందని ఒకడు. ఈ వయసులో ఇదేం పాడుబుద్ధి అని ఒకతె. ఇలాంటివాళ్ళే పిల్లల్ని చెడగొడుతున్నారని ఒక పాస్టరుగారు. సాయంత్రానికి దేశమంతా చూసింది.

అక్క పక్షాన మాట్లాడినవాళ్ళు లేరని కాదు. మన ఆచారాన్ని ఎగతాళి చేస్తారా అని పెద్దపెద్ద రాతలు రాశారు. కానీ రాసిన ప్రతివాళ్ళూ కింద ఆ వీడియో మళ్ళీ తగిలించే రాశారు. తిట్టినవాళ్ళ చేతా, మెచ్చుకున్నవాళ్ళ చేతా అక్క మళ్ళీ మళ్ళీ ఆడింది.

చర్చిలో ఆడవాళ్ళ సంఘం అక్కను కొన్నాళ్ళు వెనక బెంచీలో కూర్చోమంది. బస్టాండులో కుర్రాళ్ళు అక్క వెళ్తుంటే నడుం ఊపి చూపించారు. రేడియో వాళ్ళు మనిషిని పంపించారు. "మీరొచ్చి మీ మాట చెప్పండి, జనానికి అర్థమవుతుంది" అన్నాడా అబ్బాయి.

"నాయనా, లోపలి సంగతి బయటికొచ్చినందుకు కదా ఈ గోల?" అంది అక్క. "దాన్ని ఆపడానికి మిగిలింది కూడా నేనే బయటికొచ్చి చెప్పాలా?"

ఆ అబ్బాయి ముంకోయో అంబలి ఒక చెంబు తాగి వెళ్ళిపోయాడు.

ఆ వీడియోను అక్క చూడనేలేదు. "ఆడింది నేను. నాకు తెలియదా ఎలా ఆడానో?" అని ఫోను తోసేసింది. అయితే ఆ రోజు నుంచి నీళ్ళకు వెళ్ళాలన్నా చితెంగె తలమీదుగా కప్పుకుని వెళ్ళడం మొదలుపెట్టింది. వీధి మధ్యలో నడిచే మనిషి, ఎదురొచ్చిన ప్రతి పిల్లనూ "ఏమే, మీ ఆయన బాగున్నాడా, బాగా చూసుకుంటున్నాడా?" అని పలకరించే మనిషి, గోడ పక్కన నక్కి నడిచింది.

అదే వారం పొద్దు వాలుతుండగా బనా మపాలో వచ్చింది. మేం పెరట్లో ఉన్నాం. వచ్చీరాగానే అక్క కాళ్ళ దగ్గర కూలబడి జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ప్రిస్కాను అడగడం, చితెంగె మడత, గ్రూపు, అన్నీ.

నేను లేచాను. "నీకు సిగ్గుందా? తలుపవతల పెట్టిన మనిషివి తలుపవతలే ఉండలేకపోయావా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి రాయదగ్గవి కావు.

"నువ్వు కూర్చోవే" అని నన్ను కసిరి, అక్క ఆవిణ్ణి అడిగింది. "ఎవరికైనా చెప్పావా?"

"లేదమ్మా. రేపు వియ్యపురాలి దగ్గరికి పోయి చెప్పేస్తాను."

"చెప్పి?"

చెబితే ఏమవుతుందో అందరికీ తెలుసు. బొనిఫేస్ తల్లి మామూలు మనిషి కాదు. చర్చి సంఘంలో పెద్ద, మాట అంటే వెనక్కి తీసుకోదు. "మా కోడలి గది గుట్టు బజారున పెట్టింది ఎవరో తేలాలి. పెళ్ళికూతురి వైపు వాళ్ళే అయితే ఈ సంబంధం సంగతి మళ్ళీ ఆలోచిస్తాం" అని నలుగురిలో అనేసింది. పెళ్ళి ఇంకా కాలేదు.

"నీ నోరు విప్పితే నీ బిడ్డ పెళ్ళి ఆగుతుంది" అంది అక్క. "ఆ పిల్లకు నేను నేర్పాను. దాని కాపురం మొదలుకాక ముందే నేను కూల్చలేను. పో, ఇంటికి పో."

"మరి మీరో అమ్మా?"

"నా సంగతి నేను చూసుకుంటాను."

ఆవిడ సంగతి అంత తేలిక కాదని నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు. గదిలో జరిగినదానికి నాచింబూసాదే పూచీ. కట్టుబాటు తప్పినవాళ్ళెవరో పెద్ద నాచింబూసాల ముందు చెప్పాలి. చెప్పకపోతే తన డోలూ మట్టిబొమ్మలూ అప్పగించాలి. ఆ తర్వాత ఆవిణ్ణి ఏ ఇంటివాళ్ళూ పిలవరు. ఆ డోలు అక్కకు తన గురువు చేతుల మీదుగా వచ్చింది, ఆవిడకు ఇంకొకావిడ చేతుల మీదుగా వచ్చింది. నా అరచేతుల ఆకారం దాని తోలు మీద పడి ఉంది.

పెద్దావిడ బనా చోలా ఇంటి ముందు చాపలు పరిచారు. ఆవిడకు చూపు తగ్గింది గానీ గొంతు తగ్గలేదు.

"ఎవరు చేశారో నీకు తెలుసా, తెలియదా?"

"తెలుసు పెద్దమ్మా."

తెలియదంటే సరిపోయేది. తెలియదన్నదాని మీద జాలి పడేవాళ్ళు. నేను పక్కనుంచి మోచేత్తో పొడిచాను కూడా. అక్కకు అబద్ధం రాదు, అదొక జబ్బు.

"అయితే చెప్పు."

"గదిలో జరిగింది గదిలోనే ఉండాలని మీరే కదా మాకు నేర్పారు? ఆ తప్పు కూడా గదిలోనే జరిగింది. చెప్పను."

చాపల మీద గుసగుసలు లేచాయి. బనా చోలా డోలు తెమ్మంది. ఆవిడకు ఇష్టం లేదని నాకు అర్థమైంది, అయినా కట్టుబాటు కట్టుబాటే. మట్టిబొమ్మలతో పాటు డోలు నేనే మోసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను. ఖాళీ చేతులతో వెనక్కి వస్తుంటే వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మపాలో పెళ్ళి బ్రహ్మాండంగా జరిగిందట. మమ్మల్ని పిలవలేదు.

అలా మొదలైంది ఆ ఏడాది. అక్క దిగులు చేతికొచ్చే కానుకల కోసం కాదు, మర్యాదల కోసం కూడా కాదు. గది మీద బెంగ. ఎన్నోసార్లు చెప్పింది నాకు, న్షీమా ముద్దలో గరిటె తిప్పుతూనో, తలుపు ముందు ఊడుస్తూనో. "పెళ్ళికూతురు మొదట తల వంచుకుని కూర్చుంటుంది చూడు, కట్టెలా బిగుసుకుపోయి. నేను పాడతాను, ఆడతాను, ఉలకదు పలకదు. ఇంతలో ఎక్కడో ఒకచోట ఆ బట్ట కింద నుంచి కిసుక్కుమని నవ్వుతుంది. పిల్లకు భయం పోయిందన్నమాట. దాని కోసమే కదే నేను ఆడేది" అనేది. కాసేపటికి బోర్లించిన బకెట్ మీద ఆవిడ వేళ్ళు వాటంతటవే దరువు వేసేవి. నేను అందుకునేదాన్ని. ఎవరైనా గేటు తీస్తే ఇద్దరం దొంగల్లా చేతులు తీసేసేవాళ్ళం.

ఆ వీడియో సంగతి లోకం మర్చిపోయింది. లోకానికి వేరే వీడియోలు దొరికాయి. అప్పుడప్పుడు మాత్రం ఎవడో పనిలేనివాడు దాన్ని మళ్ళీ తవ్వి తీసేవాడు. ఒకసారి బొగ్గు అమ్మే పిల్ల అక్క మొహంలోకి తేరిపార చూసి, "అవ్వా, నువ్వు ఫోనులో ఉంటావు కదా?" అని అడిగింది, పాపం, సంతోషంగానే అడిగింది. అక్క నవ్వి, "అవును తల్లీ, అక్కడే ఉండిపోయాను" అంది. ఆ రోజు అన్నం తినలేదు.

వానలు వెనకబట్టాక బనా మపాలో మళ్ళీ వచ్చింది. మనిషి సగమైంది. గంపలో కొత్త వేరుశనగలు తెచ్చింది. నేను ఆవిడతో మాట్లాడటం మానేశాను కనుక ఆ గంపను కూడా పలకరించలేదు.

"నా బిడ్డ కడుపుతో ఉందమ్మా" అంది. "ఫోనులో ఎంతో నవ్వుతూ చెప్పింది. అది నవ్వితే నాకు మీరే గుర్తొస్తారు. ఇక నాకు కూడు సహించడం లేదు."

అక్క ఆవిణ్ణి అరుగు మీద కూర్చోబెట్టింది. కాసేపు కడుపుతో ఉన్న పిల్ల ఏం తినాలి, ఏం తినకూడదు అని మాట్లాడుకున్నారు. తర్వాత అక్క ఉన్నట్టుండి అడిగింది.

"ఆ వీడియో ఇంకా ఉందా నీ దగ్గర?"

బనా మపాలో మొహం మాడిపోయింది. ఉంది. గొడవ మొదలయ్యాక గ్రూపులో ఉన్నవాళ్ళంతా భయపడి చెరిపేసి, పెళ్ళి కోసం నోరు మూసుకున్నారట. ప్రిస్కా అందరికంటే ముందే తీసేసిందట. ఊళ్ళ మీద తిరిగేది పెట్టెపాట తగిలించింది. డోలుతో, గొంతుతో ఉన్న అసలుది ఈవిడ ఫోనులో ఒక్కచోటే మిగిలింది.

"చూపించు" అంది అక్క.

నేను నిర్ఘాంతపోయాను. చేతికిచ్చిన ఫోనును అక్క దూరంగా పట్టుకుంది, చూపు ఆనదు కదా. నా డోలు వినిపించింది. అడ్డంగా పొగుడుకుంటున్నానని కాదు గానీ చక్కగా వాయించాను. అక్క తన ఆట వైపు చూడటం లేదు. తల వంచి చెవి దగ్గర పెట్టుకుంది. చివర్లో మపాలో బట్ట కింద నుంచి కిసుక్కుమంది, గట్టిగా, ఆపుకోలేక. అక్కడితో అయిపోయింది.

"ఇంకోసారి పెట్టు."

ఇంకోసారి పెట్టింది. నవ్వు దగ్గర అక్క కళ్ళు మూసుకుంది.

"మా కసూబాకు నేర్పిన రోజున నన్ను వంటింట్లో కూర్చోబెట్టారు" అంది. "రెండు గోడల అవతల. ఇలాగే వేరుశనగలు ఒలిచాను. మధ్యలో ఒక్కసారి దాని నవ్వు వినిపించింది. లేక నాకలా అనిపించిందో. అంతలోనే డోలు చప్పుడు దాన్ని మింగేసింది. చెయ్యి ఆపి ఎంతసేపు విన్నానో, మళ్ళీ రాలేదు."

కసూబాను నేనెరుగుదును, పొడుగు పిల్ల. పెళ్ళయిన మరుసటి వానాకాలంలోనే జ్వరమొచ్చి పోయింది. అక్క ఆ పేరుతోనే బతుకుతోంది, రోజూ నలుగురూ ఆ పేరుతోనే పిలుస్తారు, కానీ ఆ పిల్ల గురించి ఆవిడ నోటెంట ఇన్ని మాటలు నేను వినడం అదే మొదలు.

"దాని ఫోటో ఒకటుంది. అందులో నవ్వదు, ఎవరో బెదిరించినట్టు నిలబడింది. గొంతు లేదు నా దగ్గర. ఆ రోజుల్లో ఇలాంటిదొకటి ఉండి ఉంటే నేనూ ఎవరి చేతులైనా పట్టుకుని అడిగేదాన్నే, బనా మపాలో. చేట పెట్టినా అడిగేదాన్ని." ఫోను తిరిగి ఇచ్చేసింది. "నువ్వు చూడాలనుకోవడం తప్పని నేనెప్పుడూ అనుకోలేదు. పంపడం తప్పు. నవ్వు నీ బిడ్డది, ఆట నాది. మా ఇద్దరిలో ఒక్కరిని కూడా అడగలేదు నువ్వు."

బనా మపాలో తలూపింది. ఫోను చెవికి పెట్టుకుని చివరిసారిగా విన్నది, దూరం నుంచి ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టు. తర్వాత బొటనవేలితో రెండుసార్లు నొక్కింది.

"ఏం చేశావే?" అంది అక్క.

"తీసేశానమ్మా."

"ఎందుకు తీశావు? నేను తియ్యమన్నానా? పంపొద్దన్నాను గానీ తియ్యమన్నానా?" అక్క ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపేసింది. ఆ ఏడాదంతా ఎవరేమన్నా నోరెత్తని మనిషి అప్పుడు ఏడ్చింది. పిల్ల నవ్వు పోయిందని ఏడ్చింది. ఎవరి పిల్ల నవ్వని అడిగితే నేను చెప్పలేను.

మర్నాడు బనా మపాలో ఎవరితోనూ చెప్పకుండా వియ్యపురాలింటికి వెళ్ళింది. అక్కడి నుంచి బనా చోలా ఇంటికి వెళ్ళింది. ఆదివారం చర్చి వదిలాక ఆడవాళ్ళ సంఘం ముందు నిలబడి, ప్రిస్కా పేరెత్తకుండా, "తీయించింది నేనే, పంపింది నేనే. తెలిసి కూడా ఆవిడ నా పేరు చెప్పలేదు, నా బిడ్డ పెళ్ళి కోసం" అంది. ఒక్క మాట కూడా మింగలేదు. వియ్యపురాలు ఆవిడతో మాటలు మానేసింది, ఈ రోజుకీ మానేసే ఉంది. బొనిఫేస్ మాత్రం, "మా అమ్మ ఆలోచిస్తే ఆలోచించనీ, నేను ఎప్పుడో ఆలోచించేసుకున్నాను" అన్నాడట. మంచి పిల్లాడు.

నేను ఆవిడ వేరుశనగలు వేయించుకుని తిన్నాను. అంతకంటే నానుంచి ఏం ఆశిస్తారు?

మట్టిబొమ్మలతో పాటు డోలు తిరిగొచ్చింది. బనా చోలా మనవరాలు తెచ్చి అరుగు మీద పెట్టింది. తోలు కొంచెం సడలింది, పొయ్యి సెగకు పెట్టి బిగించుకున్నాను. కానీ ఆ వీడియో తిరిగి రాదు. అదింకా ఎక్కడెక్కడో తిరుగుతూనే ఉంటుంది, ఏ కట్టుబాటుకూ అది దొరకదు.

మొదటి పిలుపు ఒక నర్సు దగ్గర నుంచి వచ్చింది, ఆవిడ పెద్దకూతురికి. వెళ్ళాం. చేటలో ఫోన్లు పడ్డాయి. అక్క గుమ్మంలో నిలబడి లోపల కూర్చున్న ఒక్కొక్కరి చితెంగె మడతలూ చూసింది. ఇది కొత్త అలవాటు, ఇంతకు ముందు లేదు. ఎవరైనా చెయ్యి కదిపితే ఆవిడ చూపు అటు పోతోంది. చూసేవాళ్ళున్నారన్న సంగతి ఆ ఒంటికి ఒకసారి తెలిసిపోయింది, ఇక మర్చిపోదు. నాకు ఏడుపొచ్చి డోలు సర్దుకుంటున్నట్టు తల దించుకున్నాను.

తలుపు వేయబోయి ఆగింది. "ఉండండి" అని బయటికి పోయింది. నేనూ వెనకే వెళ్ళాను. పెళ్ళికూతురి తల్లి ఆసుపత్రి మనిషి, ఎంతోమందికి పురుడు పోసింది. ఇప్పుడు మాత్రం వంటింట్లో ఓ మూల ముక్కాలిపీట మీద కూర్చుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని, ఒలిచిన గింజలు పొట్టులోనూ పొట్టు గింజల్లోనూ వేస్తోంది.

"లే తల్లీ" అంది అక్క. పీట తనే ఎత్తుకుని ఇంటి పక్కగా తీసుకెళ్ళి, ఆ గది కిటికీ కింద గోడకు ఆనించి వేసింది. కిటికీకి లోపల మందంగా గుడ్డ కట్టి ఉంది. "ఇక్కడ కూర్చో. చూడకూడదన్నారు గానీ వినకూడదని ఎవరూ అనలేదు. వంటింట్లోకి సరిగ్గా వినపడదు."

ఆవిడ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని గోడకు తల ఆనించింది.

లోపలికొచ్చాక అక్క నడుముకు బట్ట బిగించుకుంటూ నా వైపు వంగింది. "దరువు నెమ్మదిగా వెయ్యి. పిల్ల నవ్విన చోట ఆపెయ్యి."

"మధ్యలో ఆపడమేంటక్కా? ఎన్నడూ ఆపలేదే!"

"బయటికి వినపడాలి" అంది.

చాలాసేపు పట్టింది. ఆ పిల్ల గట్టిది, కట్టెలా బిగుసుకుని కూర్చుంది. అక్క పాడింది, ఆడింది, నాలుగు చెణుకులు విసిరింది. మెల్లగా ఆవిడ చూపు మడతల మీద నుంచి జారి బట్ట కింది పిల్ల మీద నిలిచింది. అప్పుడు కిసుక్కుమని వినిపించింది.

నేను డోలు మీద నుంచి చేతులెత్తేశాను. గదిలో ఎవరూ కదల్లేదు. పిల్ల ఇంకా నవ్వుతూనే ఉంది. గోడ అవతల వేరుశనగలు ఒలిచే చప్పుడు ఆగిపోయింది.